మా సాయంకాలపు తరగతిలో ఒక జపాను నవల

(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది సభలలో మనం పోతనగారి గురించి, వేమన గురించి, త్యాగరాజస్వామి గురించి ప్రసంగాలు వింటూ ఉంటాం. ఈసారి కార్యవర్గం వారు నన్ను పిలిచి, మీ సాయంకాలపు తరగతిలో పెద్దవాళ్లు ఈ యేడాది ఏం చదివారో ఆ సంగతి చెప్పండి అన్నారు. మేము చదివినది ఒక జపాను నవల. తెలుగు తరగతిలో జపాను నవల ఏమిటని కొందరు నవ్వారు కూడా. ముందు దానికి కారణం చెప్పి తరువాత నవలలోకి వెళ్తాను.

నేను ఈ మలేసియా దేశంలో మూడో తరం వాణ్ణి. మా తాత కంగాణీ వెంట ఓడ ఎక్కి వచ్చి దిగువ పేరాలో ఒక కొబ్బరి తోటలో దిగాడు. నేను బడిపంతులుగా పని చేసి అరవయ్యో యేట విరమించాను. బడిలో చెప్పిన పాఠాలన్నీ మలయ్, ఇంగ్లీషు భాషలలోనే. నా తెలుగు అంటే ఇంట్లో చెవిన పడిన మాటలు, సాయంకాలపు తరగతిలో దిద్దుకున్న అక్షరాలు, అంతే. ఇప్పుడు మళ్లీ అదే తరగతిలో పదిమందిమి కూర్చుంటున్నాం. అందరిలోకి చిన్నది ఇరవై నాలుగేళ్ల అమ్మాయి, ఒక జపాను కంపెనీలో లెక్కలు రాస్తుంది. అందరిలోకి పెద్ద, ఆస్పత్రిలో నర్సుగా పని చేసిన అక్కగారు. రైల్వేలో పని చేసి విరమించిన ఆయన ఒకరు, మోటారు వర్క్‌షాపు నడిపే తమ్ముడు ఒకరు ఉన్నారు.

మాకు పెద్ద తెలుగు పుస్తకం ఇస్తే రెండు పేజీలకే ఆయాసం వస్తుంది. పిల్లల కథలు ఇస్తే మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. అందుకని మా పంతులమ్మగారు ఒక ఉపాయం చెప్పారు. మంచి నవల ఒకటి ఇంటి దగ్గర ఇంగ్లీషులో చదువుకొని రండి, తరగతిలో మాత్రం దాని గురించి తెలుగులోనే మాట్లాడాలి అన్నారు. ఏ నవల అన్నప్పుడు కంపెనీ అమ్మాయి దీని పేరు చెప్పింది. జపానులో హైస్కూలు పాఠ్యపుస్తకాలలో ఈ నవల నుంచి ఒక భాగం పెడుతూ వచ్చారు కనుక తనతో పని చేసే జపాను వాళ్లందరికీ అది తెలుసునట. ఆ నవల పేరు "కొకొరో". రాసినవారు నత్సుమే సోసెకి.

సోసెకి 1867లో ఇప్పటి టోక్యో నగరంలో పుట్టారు. మరుసటి సంవత్సరం మెయిజీ యుగం మొదలైంది. కనుక ఆయన వయసు, ఆ యుగం వయసు దాదాపు ఒకటే. జపాను తన తలుపులు తీసి పడమటి దేశాల చదువులను, రైళ్లను, చట్టాలను తెచ్చుకున్న కాలం అది. ఆయనను చిన్నప్పుడు పెంపుడు ఇచ్చారు, కొన్నేళ్లకు మళ్లీ కన్నవారి ఇంటికి వచ్చారు. ఇంగ్లీషు చదువుకొని మత్సుయమ, కుమమోతో ఊళ్లలో బడిపంతులుగా పని చేశారు. 1900లో ప్రభుత్వం లండనుకు పంపితే రెండేళ్లు అక్కడ ఒంటరిగా చదువుకున్నారు. తిరిగి వచ్చి టోక్యో విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పారు. 1907లో ఆ గౌరవమైన ఉద్యోగం వదిలి అసాహి దినపత్రికలో నవలలు రాయడానికి చేరారు. "కొకొరో" ఆ పత్రికలోనే 1914 ఏప్రిల్ 20 నుండి ఆగస్టు 11 వరకు రోజువారీగా వచ్చింది. ముందు చిన్న కథల వరుస రాద్దామనుకుంటే మొదటి కథే పెరిగి నవల అయింది. అదే యేడాది పుస్తకంగా వచ్చినప్పుడు అట్టబొమ్మ కూడా ఆయనే వేసుకున్నారు. 1916లో నలభై తొమ్మిదో యేట పోయారు. 1984 నుండి కొన్నేళ్లపాటు వెయ్యి యెన్‌ల నోటు మీద అచ్చు వేసినది ఈ బడిపంతులుగారి బొమ్మే.

ఇక కథ. మూడు భాగాలు. మొదటి భాగంలో ఒక చదువుకునే కుర్రవాడు కమకురా సముద్రపు ఒడ్డున ఒక పెద్దమనిషిని చూసి, ఎందుకో తెలియకుండానే ఆయన వైపు లాగబడి, పరిచయం చేసుకొని, టోక్యోలో ఆయన ఇంటికి వెళ్లి వస్తూ ఉంటాడు. ఆయనను సెన్సేయ్ అని పిలుస్తాడు. సెన్సేయ్ పెద్ద చదువు చదివినా ఏ ఉద్యోగమూ చేయడు. భార్య ఉంది, పిల్లలు లేరు. నెలకు ఒకసారి జోషిగయ శ్మశానానికి వెళ్లి ఒక స్నేహితుని సమాధి మీద పూలు పెట్టి వస్తాడు, ఎవరినీ వెంట రానివ్వడు. రెండవ భాగంలో కుర్రవాడు పట్టా పుచ్చుకొని పల్లెకు వెళ్తాడు. అక్కడ తండ్రి మూత్రపిండాల జబ్బుతో మంచం పట్టాడు. అదే సమయంలో, 1912 జులై 30న, మెయిజీ చక్రవర్తి మరణిస్తాడు. సెప్టెంబరు 13న, చక్రవర్తి అంత్యక్రియల రోజున, నోగి సేనాపతి భార్యతో సహా ప్రాణం తీసుకుంటాడు. తండ్రి చావు బతుకుల మధ్య ఉండగా సెన్సేయ్ దగ్గర నుంచి లావుపాటి ఉత్తరం వస్తుంది. ఇది నీకు అందేసరికి నేను ఉండను అన్న భావం కంట పడగానే కుర్రవాడు తండ్రిని వదిలి టోక్యో రైలు ఎక్కుతాడు. మూడవ భాగం మొత్తం ఆ ఉత్తరమే. నవలలో సగం అదే. మా రైల్వే ఆయన, ఇంత ఉత్తరం ఏ కవరులో పట్టిందండీ అని అడిగి మమ్మల్ని నవ్వించారు.

ఆ ఉత్తరంలో ఉన్న సంగతి ఇది. సెన్సేయ్‌కి ఇరవై యేళ్లు నిండకముందే తల్లీ తండ్రీ టైఫాయిడుతో పోయారు. నమ్మిన పినతండ్రి ఆస్తి కాజేశాడు. మనుషుల మీద నమ్మకం పోయి, టోక్యోలో ఒక సైనికుని భార్య, విధవరాలు, ఆమె ఇంట్లో గది తీసుకున్నాడు. ఆమెకు ఒక కుమార్తె. ఆ అమ్మాయి మీద ఇతనికి ప్రేమ కలిగింది గాని నోరు విప్పలేదు. తన చిన్ననాటి స్నేహితుడు, "కె" అనేవాడు, దిక్కు లేక కష్టపడుతుంటే జాలిపడి అదే ఇంటికి తెచ్చి పక్క గదిలో పెట్టాడు. కొన్నాళ్లకు కె తనకు ఆ అమ్మాయి మీద ప్రేమ ఉందని ఇతనితోనే చెప్పుకున్నాడు. ఇతడు తన మనసు మాట చెప్పలేదు. కె మాటలనే తిప్పి కె మీద విసిరి అతణ్ణి కుంగదీశాడు. తరువాత జబ్బు అని ఇంట్లో ఉండిపోయి, కె లేని సమయంలో తల్లిని అడిగి పెళ్లి ఖాయం చేసుకున్నాడు. కొద్ది రోజులకే కె ఆత్మహత్య చేసుకున్నాడు. జోషిగయ సమాధి అతనిదే. సెన్సేయ్ ఆ అమ్మాయిని పెళ్లి చేసుకొని, జరిగినది ఆమెకు ఒక్కనాడూ చెప్పకుండా బతికి, చివరికి ఈ కుర్రవాడికి రాసి, తానూ ప్రాణం తీసుకున్నాడు.

కథ చెప్పడం ఇంతే. మా తరగతికి నాలుగు నెలలు పట్టినది దీని లోపలి సంగతులకు.

మొదటి రోజంతా పేరు దగ్గరే గడిచింది. కొకొరో అంటే జపాను భాషలో మనసు, గుండె, లోపలి భావం, అన్నీ. మా దగ్గర రెండు ఇంగ్లీషు అనువాదాలు ఉన్నాయి, ఒకటి 1957లో ఎడ్విన్ మెక్‌క్లెలన్ చేసినది, ఇంకొకటి 2010లో మెరెడిత్ మెకిన్నీ చేసినది. ఇద్దరూ ఆ పేరును ఇంగ్లీషు చేయకుండా అలాగే ఉంచేశారు. మేము తెలుగు చేద్దామని కూర్చున్నాం. హృదయం అన్నారొకరు. అది పాటల్లో బాగుంటుంది గాని ఇంట్లో వాడమే అన్నారు ఇంకొకరు. గుండె అంటే ఆస్పత్రి గుర్తుకు వస్తుంది అన్నారు అక్కగారు. చివరికి మనసు దగ్గర ఆగాం. మనసు విప్పడం, మనసులో పెట్టుకోవడం, మనసు విరిగిపోవడం, మనసు రాకపోవడం, ఇవన్నీ మనం రోజూ అనే మాటలు. ఈ నవలలో జరిగేవి కూడా ఇవే. సెన్సేయ్ మనసు పినతండ్రి వల్ల విరిగింది, కె ముందు విప్పడానికి మనసు రాలేదు, భార్య దగ్గర జీవితాంతం మనసులోనే పెట్టుకున్నాడు. పేరు దగ్గర గడిపిన గంట మాకు కథ అంతటికీ తాళంచెవి ఇచ్చింది.

రెండవ రోజు సెన్సేయ్ అన్న మాట. రాసే అక్షరాలను బట్టి ముందు పుట్టినవాడు అని దాని అర్థం. బడిలో పంతులును అలాగే పిలుస్తారు, డాక్టరునూ పిలుస్తారు, గౌరవించే పెద్దనూ పిలుస్తారు. ఈ కుర్రవాడికి ఆయన ఏ పాఠమూ చెప్పలేదు. గురువుగారు అంటే మరీ పీఠం ఎక్కించినట్టు ఉంది, మాస్టారు అంటే ట్యూషను చెప్పినట్టు ఉంది. అప్పుడు వర్క్‌షాపు తమ్ముడు, చిక్‌గు అనకూడదా అన్నాడు. ఈ దేశంలో నలభై యేళ్ల క్రితం నా దగ్గర చదివినవాడు కూడా నన్ను బజారులో చూస్తే చిక్‌గు అనే పిలుస్తాడు. మలయ్ మాట అయినా దానిలో మన గురువు దాగి ఉన్నాడు. మా పంతులమ్మగారు ఆ రోజుకు ఆ మాటను తెలుగులో కలుపుకోవడానికి ఒప్పుకున్నారు.

ఇక సంకేతాలు. నేను బడిలో పిల్లలకు చెప్పే నియమమే ఇక్కడా పెట్టుకున్నాం. ఒక వస్తువు నవలలో కనపడితే ముందు ఆ వస్తువు ఏమిటో, దేనికి వాడతారో చెప్పాలి. తరువాతనే దాని భావం గురించి మాట్లాడాలి. కుర్చీ కనపడగానే అధికారం, పువ్వు కనపడగానే అమాయకత్వం అని రాసే విద్యార్థులను నేను చాలామందిని చూశాను. సోసెకి నవలకు ఆ పద్ధతి పనికిరాదు. ఆయన సంకేతాలన్నీ ఇంటి సామానులోనే ఉన్నాయి.

వాటిలో ముఖ్యమైనది రెండు గదుల మధ్య తలుపు. దాన్ని ఫుసుమ అంటారు. కర్రచట్రానికి రెండు వైపులా మందపు కాగితం అంటించి, పక్కకు జరిపేటట్టు చేస్తారు. దానికి గడియ ఉండదు. అవతలివాడి దగ్గు వినిపిస్తుంది, దీపం వెలుతురు తెలుస్తుంది. సెన్సేయ్ గది పెద్దది, కె గది చిన్నది. కె గదిలోంచి నడిచే సెన్సేయ్ తన గదికి వెళ్లాలి. అంటే రోజుకు పదిసార్లు ఇద్దరూ ఎదురుపడుతూనే ఉన్నారు, ఎప్పుడు కావాలన్నా ఒక్క చేతితో జరిపి మాట్లాడవచ్చు. ఒక రాత్రి కె ఆ తలుపు రెండు అడుగులంత తీసి, దీపానికి ముందు నల్లటి నీడలా నిలబడి, పడుకున్నావా అన్నట్టు అడిగి మళ్లీ మూసేస్తాడు. ఎందుకు తీశాడో చెప్పడు. ఇతడు అడగడు. కొన్ని రోజుల తరువాత ఒక రాత్రి చల్లగాలి తగిలి సెన్సేయ్‌కి మెలకువ వస్తుంది. తలుపు మళ్లీ అంతే తీసి ఉంది. అవతల కె చనిపోయి ఉన్నాడు, తలుపు కాగితం మీద రక్తం చిమ్మి ఉంది.

ఆ మొదటి రాత్రి కె ఎందుకు తలుపు తీశాడు? మా తరగతిలో దీని మీద రెండు వారాలు వాదన నడిచింది. చనిపోవడానికి ముందు స్నేహితుడు నిద్రపోతున్నాడో లేదో చూసుకోవడానికి అన్నారు రైల్వే ఆయన. కాదు, మాట్లాడదామని తీశాడు, ఎదుటివాడు లేచి కూర్చుంటే చెప్పేవాడే అన్నారు అక్కగారు. రాత్రి డ్యూటీలో రోగులు అలాగే ఊరికే పిలుస్తారట, మంచినీళ్లు కావాలా అంటే వద్దంటారట, కాసేపు కూర్చుంటే అప్పుడు అసలు మాట వస్తుందట. సోసెకి దీనికి జవాబు రాయలేదు. కాని అక్కగారి మాట విన్న తరువాత ఆ రెండు అడుగుల సందు నాకు ఎంతో పెద్దదిగా కనిపించింది.

రెండవ వస్తువు పట్టా. కుర్రవాడు విశ్వవిద్యాలయం పట్టా తెచ్చుకొని, దాన్ని చుట్టి దూరదర్శినిలా కంటి దగ్గర పెట్టుకొని లోకాన్ని చూస్తాడు. తరువాత పెట్టెలో బట్టల మధ్య కుక్కితే అది నలిగిపోతుంది. పల్లెలో తండ్రి దాన్ని ఇంట్లో గౌరవస్థానంలో అందరికీ కనపడేట్టు నిలబెట్టాలని చూస్తాడు. అది నలిగిన వైపుకే వంగి పడిపోతూ ఉంటుంది. ఇది చదివినప్పుడు తరగతిలో ఎవరూ నవ్వలేదు. తోట లైను ఇళ్లలో పుట్టిన మన తండ్రులు మన సర్టిఫికెట్లను దేవుడి పటాల పక్కన అద్దం కట్టించి పెట్టినవారు. వారి చేతికి ఆ కాగితం ఎంత బరువో మనకు తెలుసు. కుర్రవాడికి అది కాగితం, తండ్రికి అది జీవితఫలం.

మూడవది రక్తం. సెన్సేయ్ తన ఉత్తరంలో, నా గుండె కోసి ఆ రక్తం నీ ముఖం మీద పోస్తాను, దానివల్ల నీలో కొత్త ప్రాణం పుడితే చాలు అన్న భావం రాస్తాడు. మొదటిసారి చదివితే అతిశయోక్తి అనిపిస్తుంది. తలుపు మీది రక్తం సంగతి చదివాక వెనక్కి వస్తే అర్థమవుతుంది. కె మాట చెప్పకుండా పోయాడు, అతని రక్తం కాగితపు తలుపు మీద వృథాగా పడింది. అతడు వదిలిన చీటీలో ఎవరి మీదా నింద లేదు, అసలు కారణమూ లేదు. సెన్సేయ్ కూడా పోయాడు, కాని ముందు కాగితం మీద అంతా రాసి ఒకరి చేతిలో పెట్టాడు. రెండు చావుల మధ్య తేడా ఆ ఉత్తరమే.

ఇక పాత్రలు. ముఖ్యపాత్రలకు ఈ నవలలో సరైన పేర్లు లేవు. కుర్రవాడు మొదటి పేరాలోనే చెబుతాడు, ఆయనను గుర్తు చేసుకుంటే సెన్సేయ్ అనే అనాలనిపిస్తుంది, పరాయివాళ్లకు వాడే ఒంటి అక్షరాలు వాడలేను అని. అదే సెన్సేయ్ తన ప్రాణస్నేహితుణ్ణి మాత్రం కె అన్న ఒంటి అక్షరంతో పిలుస్తాడు. దీన్ని పట్టుకున్నది మా చిన్నమ్మాయి. పేరు పలకడానికి కూడా ఆయనకు ధైర్యం లేదు అన్నది. నేను ముప్పై యేళ్లకు పైగా పాఠాలు చెప్పినవాణ్ణి, నాకు తట్టని సంగతి ఆ అమ్మాయి చెప్పింది. కలిసి చదవడంలో లాభం ఇదే.

కె బౌద్ధదేవాలయపు పూజారి కొడుకు. ఒక డాక్టరు కుటుంబం పెంచుకొని వైద్యం చదవమని డబ్బు పంపితే, అతడు వైద్యం మానేసి తనకు నచ్చిన చదువు చదివి, ఆ సంగతి తనే ఉత్తరం రాసి చెప్పి, రెండు ఇళ్లకూ దూరమయ్యాడు. చేతికి జపమాల, ఎదుట బైబిలు, తరువాత ఖురాను కూడా చదవాలన్న కోరిక. ఆత్మోన్నతి కోరనివాడు మూఢుడు అన్నది అతని సిద్ధాంతం. అంత కఠినమైన మనిషికి ప్రేమ కలగడం ఒక దెబ్బ. తన మాటనే స్నేహితుడు తన మీద విసరడం ఇంకొక దెబ్బ. పెళ్లి ఖాయమైందని తల్లి చెప్పినప్పుడు అతడు చిరునవ్వుతో శుభం పలికి, కానుక ఇద్దామంటే నా దగ్గర డబ్బు లేదు అంటాడు. నవలలో నన్ను ఎక్కువ బాధపెట్టిన చోటు అదే.

సెన్సేయ్ చెడ్డవాడా? ఇది మా తరగతిని రెండుగా చీల్చింది. పినతండ్రి మోసం చేసినప్పుడు లోకమంతా చెడ్డది, నేను ఒక్కణ్ణి మంచివాణ్ణి అనుకున్నాడు. తానూ అదే పని చేశాక ఆ ఆధారం కూడా పోయింది. తన మీద తనకే నమ్మకం లేనివాడు ఇక ఎవరిని నమ్ముతాడు? ఇంత తెలివిగా తన తప్పును తానే చూసుకున్నవాణ్ణి చెడ్డవాడు అనలేం అన్నది నా పక్షం.

దీనికి అక్కగారు ఒప్పుకోలేదు. ఆవిడ ప్రశ్న ఒక్కటే. భార్య మాటేమిటి? నవలలో ఆమెను సెన్సేయ్ ఒకటి రెండు చోట్ల షిజు అని పిలుస్తాడు, ఆ మాటలో నిశ్శబ్దం అనే అర్థం ఉంది. ఆమె కుర్రవాడితో కన్నీళ్లు పెట్టుకొని చెబుతుంది. తన భర్త ఇలా మారింది స్నేహితుడు హఠాత్తుగా చనిపోయిన తరువాతనే అనీ, ఒక్క స్నేహితుడు పోతే మనిషి ఇంత మారతాడా అనీ. చిక్కుముడి సగం ఆమె చేతిలోనే ఉంది, మిగతా సగం ఎవరూ ఇవ్వరు. లోపం తనలో ఉందేమో అని కూడా వెతుక్కుంటుంది. సెన్సేయ్ మాత్రం ఆమె జ్ఞాపకాలలో మచ్చ పడకూడదని చెప్పడు, తాను పోయాక కూడా చెప్పవద్దని కుర్రవాడిని కోరతాడు. అక్కగారు అన్నారు, ఆ మచ్చ ఆవిడది కాదే, ఆవిడకు తెలిస్తే ఆవిడ ఏం చేస్తుందో ఈయనకు ఎలా తెలుసు, పరాయి పిల్లవాడికి పుస్తకమంత రాసినవాడు ఇంట్లో ఉన్న మనిషికి ఒక్క మాట చెప్పలేకపోయాడా అని. దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పటికీ లేదు.

కుర్రవాడి మీద కోపం వచ్చింది వర్క్‌షాపు తమ్ముడికి. కన్నతండ్రి ఆఖరి ఊపిరిలో ఉంటే వదిలేసి వెళ్లడం ఏం బుద్ధి అన్నాడు. అతడు రైలులో కూర్చొని ఉత్తరం చదువుతాడు, ఉత్తరంతోనే నవల ముగుస్తుంది. తండ్రి ఏమయ్యాడో మనకు చెప్పరు. ఒక తండ్రి జన్మ ఇచ్చాడు, నలిగిన పట్టాను నిలబెట్టాలని చూశాడు. ఇంకొకరు తన లోపలిదంతా ఇచ్చారు. ఇద్దరూ ఒకే వారంలో పిలిస్తే ఎటు వెళ్లాలి? ఈ ప్రశ్న ముందు మనల్ని నిలబెట్టి సోసెకి తప్పుకుంటారు.

ఇప్పుడు మన సంగతి ఒకటి చెప్పాలి. ఇది చెప్పకుండా ఈ దేశంలో తెలుగువాడు జపాను పుస్తకం గురించి మాట్లాడడం కుదరదు. మన ఇళ్లలో "జపాను కాలం" అంటే 1941 డిసెంబరు నుండి 1945 దాకా గడిచిన కాలం, కర్రపెండలం తిని బతికిన కాలం. ఆ రోజుల్లో సయాం నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుదారి వేయడానికి యుద్ధఖైదీలతో పాటు సుమారు రెండు లక్షల ఆసియా కూలీలను పనిలో పెట్టారు. మలయా తోటల నుంచి వెళ్లినవారిలో ఎక్కువమంది తమిళులు, వారితో మన తెలుగువాళ్లూ ఉన్నారు. 1943 అక్టోబరులో దారి పూర్తయ్యే నాటికి వేలకు వేలమంది ఆ అడవిలోనే ఉండిపోయారు. మా పెదనాయన అక్కడికి వెళ్లి తిరిగి వచ్చినవాడు. వచ్చాక ముప్పై యేళ్లకు పైగా బతికాడు. ఆ సంగతి ఇంట్లో ఒక్కనాడు చెప్పలేదు. రైలు మాత్రం ఎక్కేవాడు కాదు, ఇపో వెళ్లాలన్నా బస్సులోనే.

ఆయన పోయిన చాలా యేళ్లకు మా పెద్దమ్మ నన్ను పిలిచి, నువ్వు చదువుకున్నవాడివి కదరా, మీ పెదనాయన వెళ్లిన ఆ రైలు ఎక్కడుందో బొమ్మలో చూపించు అంది. బడి అట్లాసు తెచ్చాను. ఆ దారిలో ఇప్పుడు సయాం వైపు కొంతదూరమే రైలు నడుస్తుంది, మిగతా దారి పటంలో లేదు. నేను పెన్సిలుతో గీసి చూపాను. ఆవిడ వేలు పెట్టి ఆ గీత మీద ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా నడిపి, ఇంతదూరమా అని మాత్రం అంది.

సెన్సేయ్ మౌనం తప్పు చేసినవాడి మౌనం. మా పెదనాయన మౌనం కష్టం పడినవాడి మౌనం. రెండింటినీ ఒక తక్కెడలో పెట్టకూడదు, నేను పెట్టడం లేదు. కాని మూసిన తలుపుకు ఇవతల కూర్చున్న మనిషికి రెండూ ఒకేలా ఉంటాయి. అక్కగారు షిజు గురించి అడిగిన రోజు నాకు మా పెద్దమ్మ వేలు గుర్తుకు వచ్చింది. ఈ సంగతి తరగతిలో చెప్పాను. అప్పుడు రైల్వే ఆయన తన తాత గురించి, తమ్ముడు తన మేనమామ గురించి చెప్పారు. ఆ సాయంత్రం మేము నవల పక్కన పెట్టేశాం. అంతసేపు తడుముకోకుండా తెలుగు మాట్లాడినది మా తరగతిలో అదే మొదటిసారి అని పంతులమ్మగారు తరువాత అన్నారు.

జపాను పుస్తకం మన ఇళ్లలో ఎందుకని అడిగినవారికి నా జవాబు ఇదే. 1914లో ఆ రచయిత తన దేశపు మనిషి మనసులోకి దాపరికం లేకుండా చూశాడు. తరువాత వచ్చిన యుద్ధం ఆయన చేసినది కాదు, అప్పటికి ఆయన పోయి పాతికేళ్లు. ఒక జాతి సైన్యాన్ని మాత్రమే చూసిన మనం ఆ జాతి మనసును కూడా ఒకసారి చూడవచ్చు. దానివల్ల మన పెద్దలు పడిన బాధ తగ్గదు, మరుగునా పడదు. నిజానికి మా తరగతిలో ఆ బాధను పైకి తెచ్చినది ఈ నవలే.

ఈ సభలో ఎనభై దాటిన పెద్దలు కొందరు ఉన్నారు. అయ్యా, అమ్మా, మీరు చిన్నప్పుడు చూసినది, మీ అమ్మానాన్నలు చెప్పినది మాకు చెప్పండి. సెన్సేయ్ లాగా ఉత్తరం రాసి పోవద్దు, ఎదురుగా కూర్చొని చెప్పండి. తప్పులు లేని తెలుగు అక్కరలేదు, మలయ్ కలిసినా, తమిళం కలిసినా పరవాలేదు. పిల్లలకు ఒక మాట. మీ తాతగారో నాయనమ్మో ఒక రాత్రి ఊరికే పిలిచి, పడుకున్నావా అని అడిగితే, లేదు అని లేచి కూర్చోండి.

మా తరగతి మంగళవారం, గురువారం సాయంత్రం ఏడున్నరకు జరుగుతుంది. వచ్చే నెల నుంచి నెలకు ఒక గురువారం పెద్దల మాటలు వినడానికే ఉంచుతున్నాం. చెప్పేవారు, వినేవారు, రాసుకునేవారు ఎవరైనా రావచ్చు. కుర్చీలు ఉన్నాయి, టీ మేము పెడతాం.

 ఉగాది శుభాకాంక్షలు. సెలవు.